మొదటి ఇద్దరు

ఆకలికి మందు కనిపెట్టడం ఎవరి వల్లా కాలేదు. ఆకలయ్యే మనిషిని నిద్రపుచ్చే మందు మాత్రం కనిపెట్టారు. దానికి ఎన్ని బహుమతులొచ్చాయో, ఎంతమంది పెద్దలు చప్పట్లు కొట్టారో ఆ గొడవ మనకొద్దు. మిరప కోతలు అయిపోయింతర్వాత వానలు పడేదాకా నూరు రోజులు పని ఉండదు. ఆ నూరు రోజులు కూలోళ్ళు ఏం తినాలి? ఈ ప్రశ్నకి ప్రభుత్వం దగ్గర జవాబు లేదు, భూములున్నవాళ్ళ దగ్గర లేదు. విశ్రాంతి అనే కంపెనీ దగ్గర దొరికింది. ఏమీ తినరు. నిద్రపోతారు. వాన పడ్డాక లేపి చేనుకి పంపిస్తారు.

నరసరావుపేట రోడ్డులో మూతపడ్డ మిర్చి కోల్డు స్టోరేజీ ఒకదాన్ని కంపెనీ తీసుకుంది. ఎంత కడిగినా గోడల్లోంచి ఘాటు పోలేదు. ఆరు గదులు, గదికి నలభై పెట్టెలు. పెట్టె మీద అద్దం, అద్దం కింద మనిషి. ఒళ్ళు చల్లబడి ఉంటుంది. మూడు నిమిషాలకి ఒక్క ఊపిరి. ఆ ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టి, మెల్లగా పోతుంది. రోజూ పొద్దున ఆరింటికి గొట్టంలోంచి ఒక్క బొట్టు మందు నరంలోకి దిగుతుంది. ఆ రోజుకి అన్నం అదే, నీళ్ళు అవే. పది, పదకొండు రోజులు వరసగా బొట్టు పడకపోతే మనిషి నిద్రలోంచి నిద్రలోకే పోతాడు. కేక ఉండదు, కదలిక ఉండదు.

ఆ బొట్టు వేయించేది రూతమ్మ రాసిన ప్రోగ్రాము.

రూతమ్మ ఏ కాలేజీ మెట్టూ ఎక్కలేదు. దర్శిలో పాత ఇనప సామాన్ల కొట్లో తూకానికి పోతున్న సి భాష పుస్తకం ఒకటి, అట్ట లేనిది, ముందూ వెనకా పేజీలు లేనిది, తెచ్చుకుంది. అక్క మార్త కొనిచ్చిన ఫోనులో రాసి, తప్పయితే కొట్టేసి, మళ్ళీ రాసి నేర్చుకుంది. తల్లి పోయాక చెల్లెల్ని సాకింది మార్తే. కోతల ముఠాకి పెద్ద ఆమె. చేలో నలభై మందిని ఒక్క గొంతుతో నడిపే మనిషి. చెల్లెలు కంపెనీలో యంత్రాల గదిలో కూర్చుందని ఊరంతా చెప్పుకుంది, తను మాత్రం ఏటా ముఠాతో పాటే పోయి ఆ పెట్టెలో పడుకుంటుంది.

ఈసారి పడుకోబోయేముందు కాళ్ళు పెట్టె బయటికి వేలాడేసి కూర్చుని అడిగింది.

"ఏమే రూతూ, నీ మిషను మమ్మల్ని ఎట్టా గుర్తుపట్టుద్దే? మా మొహాలు చూస్తదా?"

"మొహాలెందుకు దానికి. గదికో డైరెక్టరీ ఉంటది. సంచి అనుకో. మీ ఒక్కొక్కళ్ళ పేరుతో ఒక్కో చీటీ అందులో ఉంటది. నా ప్రోగ్రాము సంచి మూతి విప్పుద్ది. చెయ్యిపెట్టి ఒక చీటీ తీసి, పేరు చదివి, ఆ పెట్టెకి బొట్టు వేయిస్తది. మళ్ళీ చెయ్యిపెడతది. చేతికేం తగలకపోతే అయిపోయినట్టు. మూతి కట్టేస్తది."

"వరస ప్రకారమేనా?"

"వరసా లేదు పాడూ లేదు. ఏది తగిలితే అది. రోజూ తగిలే తీరు మాత్రం ఒకటే. మొదట తగిలే రెండూ మనుషుల చీటీలు కాదక్కా. ఒకదాని మీద ఒక చుక్క ఉంటది, అంటే ఆ సంచే. రెండోదాని మీద రెండు చుక్కలు, అంటే ఈ సంచిని పెట్టుకున్న పెద్ద సంచి. ఆ రెండిట్నీ చదివి పక్కన పారేసి, మూడోదాని కాడ్నించి పని మొదలెడతా."

మార్త పక్క పెట్టెలోవాళ్ళకి వినపడేలా అంది. "విన్నారా? మేస్త్రీ, మేస్త్రీ బామ్మర్దీ. మస్టర్లో ముందుంటారు, పనిలో ఉండరు."

గదంతా నవ్వింది. సూది వేసే నర్సు కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలో ఉండగానే ఒక్కొక్కళ్ళకి కళ్ళు మూతలు పడ్డాయి.

ఇరవయ్యో రోజున యంత్రాల గదిలో డిస్కు చచ్చింది. బయట నలభై ఏడు డిగ్రీల ఎండ. మనుషుల్ని చల్లగా ఉంచడానికి పెట్టిన కరెంటులోంచి యంత్రాల గదికి మిగిలింది తక్కువ. సాయంత్రానికి హైదరాబాదు నుంచి కొత్త డిస్కు పెట్టె వచ్చింది. అందులో పేర్లు దాచుకునే పద్ధతి, ఫైల్ సిస్టమ్ అంటారే, అది వేరే తయారీ. రూతమ్మ చీటీలన్నీ అందులోకి ఎక్కించి, ప్రోగ్రాముని కొత్త యంత్రానికి సరిపోయేలా మళ్ళీ కంపైల్ చేసింది. యంత్రం ఒక్క తప్పు కూడా చూపించలేదు.

పరీక్షించడానికి కంపెనీ రివాజు ఒకటుంది. మనుషులున్న గది మీద పరీక్షలు చెయ్యకూడదు. వినడానికి ఎంత జాలిగల నియమమో. ఆమె, సామాన్లు పడేసే ఏడో గది పేరు మీద ఒక ఖాళీ డైరెక్టరీ చేసి దాని మీద నడిపింది. తెర మీద ఎప్పుడూ వచ్చే మాటే వచ్చింది. వరస పూర్తయింది. మర్నాడు ఆరింటికి ఆరు గదుల మీదా నడిపింది. ఆరుసార్లు అదే మాట. ఎంతమందికి బొట్టు పడిందో ఆ ప్రోగ్రాము చెప్పదు. చెప్పేలా రాయమని ఎవరూ అనలేదు, ఆమెకీ తోచలేదు. మనుషులు నిద్రపోయాక యంత్రాల గదిలో కూర్చునేవాళ్ళు చల్లగదుల్లోకి పోకూడదు. అది ఇంకో రివాజు.

యాభై ఒకటో రోజు మధ్యాహ్నం రూతమ్మ క్యారేజీ విప్పుకుంటుంటే అద్దాలు తుడిచే కోటమ్మ లోపలికొచ్చింది. కోటమ్మకి యాభై ఏళ్ళుంటాయి. ఆమె మొగుడు గాలెయ్య నాలుగో గదిలో నిద్రలో ఉన్నాడు. ఏడాదిలో నూరు రోజులు మొగుడి మొహం మీద అద్దం తుడిచే ఉద్యోగం ఆమెది.

"రూతమ్మా, ఒకటి అడుగుతా చెప్పు. మధ్యలో వాళ్ళంతట వాళ్ళు లేచి పోయేవాళ్ళు ఉంటారా?"

"ఎక్కడన్నా ఉంటారా అత్తా. డాక్టరొచ్చి లేపినా రెండు రోజులు పడతది కూర్చోడానికి. ఏం?"

"మా ఆయన లేచిపోయాడంట."

రూతమ్మ తలెత్తింది.

"తొమ్మిది రోజుల కిందట అద్దం తుడిస్తే ఎంతసేపటికీ ఆవిరి పట్టలా. పోయి మేనేజరు సారుకి చెప్పా. మర్నాడు పెట్టె ఖాళీ. ముందే మెలకువొచ్చింది, బెంగుళూరు పనికి పోయాడన్నాడు. పోతే పోయాడు, నాకు చెప్పకుండా టీ తాగను కూడా పోడే ఆ మనిషి. చెప్పులు నా దగ్గరే ఉండె. వట్టికాళ్ళతో బెంగుళూరు పోయాడా?"

"ఆయనొక్కడేనా?"

"అదేగా నేననేది. గదికి నలుగురు పోయారంట. ముందు గదికి ఇద్దరు. పది పదకొండు రోజులాగి మళ్ళీ గదికి ఇద్దరు, అందులోనే మా ఆయన. ఆరు గదుల్లోనూ అంతే. ఒకరెక్కువ లేదు, ఒకరు తక్కువ లేదు. పనికి పోయేవాళ్ళు ఇట్టా లెక్కగా పోతారా? ఇవాళ చూస్తే మళ్ళీ గదికి ఇద్దరికి ఆవిరి పల్చబడింది. మూడో గదిలో మీ అక్కకి కూడా."

రూతమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. అక్క మాట వినకముందే ఆగింది. 'ఇద్దరు' అన్న మాట దగ్గరే ఆగింది.

ఎంగిలి చెయ్యి చీర కొంగుకి తుడుచుకుని కూర్చుంది. నాలుగే నాలుగు లైన్ల ప్రోగ్రాము రాసింది. సంచి తెరువు, చీటీ తియ్యి, పేరు చూపించు, అయిపోతే ముయ్యి. ఏదీ పారెయ్యకు. మూడో గది మీద నడిపింది. ఒక చుక్క రాలేదు. రెండు చుక్కలూ రాలేదు. మొదటి చీటీ మీద దావీదు అని ఉంది. రెండో చీటీ మీద మార్త.

కిందికి లెక్కబెట్టింది. నలభై ఉండాల్సింది ముప్ఫయ్యారు.

కొత్త డిస్కు పెట్టెలో ఆ చుక్కల చీటీలు లేవు. ఉండి తీరాలని కూడా ఎక్కడా లేదు. ఉంచేవాళ్ళు ఉంచుతారు, వద్దనుకున్నవాళ్ళు ఉంచరు. తాను చదివిన పుస్తకంలో ఆ సంగతి రాసిన పేజీ ఉందో, ఇనప కొట్లోనే చిరిగి పోయిందో. ఖాళీ సంచి మీద చేసిన పరీక్షలో పారెయ్యడానికి మనిషే లేడు. ముప్ఫయ్యొక్క రోజులుగా తన ప్రోగ్రాము పొద్దున్నే సంచిలో చెయ్యిపెట్టి, మొదట తగిలిన ఇద్దరు మనుషుల్ని చదివి, మేస్త్రీ అనుకుని, మేస్త్రీ బామ్మర్ది అనుకుని పక్కన పారేస్తా ఉంది. రోజూ ఆ ఇద్దర్నే. చచ్చేదాకా.

మరి ఆ ఇద్దరూ పోయాక వేరే ఇద్దరెట్లా పోయారు? ముప్ఫయ్యారు అన్న అంకె వంక చూస్తే తెలిసింది. చచ్చినవాళ్ళ చీటీలు ఎవరో సంచిలోంచి తీసేశారు. వెనకున్న ఇద్దరు ముందుకొచ్చారు. వాళ్ళూ పోయారు. వాళ్ళ చీటీలూ తీసేశారు. ఇప్పుడు మార్త ముందుకొచ్చింది.

"ఏంటమ్మా, ఏముంది అందులో?" అంది కోటమ్మ.

"ఉండత్తా, ఒక్క నిమిషం ఉండు."

పారేసే రెండు లైన్లని చెరిపేసింది. ఇరవై నాలుగు మందిని చంపిన తప్పుని దిద్దడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఆరు గదుల మీదా నడిపి, రివాజు గివాజు చూడకుండా మూడో గదికి పరిగెత్తింది. కోటమ్మ వెనకే వచ్చింది.

మార్త పెదాలు నల్లబడి ఉన్నాయి. దవడలు లోపలికి పోయాయి. అద్దం మీద ఆవిరి బొటనవేలి గోరంత పట్టి, పట్టీ పట్టకముందే ఆరిపోతోంది. బొట్టు గొట్టం చివరిదాకా వచ్చి నిలబడిపోయింది. నరం ఎండిపోయి లోపలికి పోనివ్వడం లేదు. విరుగుడు సూది వేస్తేనే నరం తెరుచుకుంటుంది. ఆ సూది మందు కంపెనీ డాక్టరు దగ్గర తప్ప ఈ దేశంలో ఇంకే ఆస్పత్రిలోనూ లేదు. కంపెనీ దాన్ని బయటికి అమ్మదు.

మేనేజరు ఉమాపతి మనిషి మెత్తనివాడు. గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు. రూతమ్మ చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ప్రోగ్రామా? నేను మందు చెడిందేమో అనుకున్నాను రూతమ్మా."

"నన్నొక్క మాట అడగాల్సింది గదా సార్."

"అడిగితే కాగితం మీద రాయాలి. మందు చెడిందని రాస్తే దేశంలో ఉన్న అన్ని కేంద్రాలూ మూతపడతాయి. ఎన్ని వేల మంది నోటి దగ్గరిది పోతుందో ఆలోచించు."

"నోటి దగ్గర ఏముందని సార్ పోను? చీటీలు తీసేసింది మీరేనా?"

"పెట్టె ఖాళీ అయ్యాక పేరెందుకని తీసేయించాను. అందులో ఏముంది?"

రూతమ్మ కాసేపు ఆయన మొహంలోకే చూసింది. ఈ మనిషికి నిజంగానే తెలియదు.

"తియ్యకపోతే పన్నెండు మందితో ఆగేది సార్. ఆ చచ్చినోళ్ళ పేర్లు అక్కడే ఉండి ఉంటే రోజూ వాళ్ళే మొదట తగిలేవాళ్ళు. నా దిక్కుమాలిన ప్రోగ్రాము వాళ్ళనే పారేసేది. వాళ్ళ వెనక ఒక్క మనిషి పోయేవాడు కాదు. చచ్చి కూడా మిగతావాళ్ళకి అడ్డం నిలబడుండేవాళ్ళు. మీరు చెరిపారు."

ఉమాపతి కళ్ళజోడు పెట్టుకున్నాడు. కంగారు ఒక్క క్షణం కనిపించింది, అంతే. సొరుగులోంచి కాగితం తీశాడు.

"తప్పు నీ రెండు లైన్లది. అది గుర్తుపెట్టుకుని విను. డాక్టరు గుంటూరులో ఉన్నాడు. గంటలో వస్తాడు. బొట్టు అందనివాళ్ళలో ఇంకా పన్నెండు మంది ప్రాణంతో ఉన్నారు, మీ అక్కతో సహా. కానీ డాక్టరొస్తే పెట్టెలు లెక్క చూస్తాడు. ఇరవై నాలుగు ఖాళీలెందుకున్నాయో కాగితం ఉండాలి. మెలకువ వచ్చి స్వయంగా వెళ్ళిపోయారు అని యంత్రాల గది మనిషి సంతకం చెయ్యాలి. నా సంతకం చెల్లదు. నీదే చెల్లుతుంది."

"చెయ్యకపోతే?"

"సాయంత్రం దాకా ఆలోచించుకో. తొందరేం లేదు." ఆ చివరి మాట ఎంత మెత్తగా అన్నాడంటే, మంచినీళ్ళు తాగుతావా అని అడిగినట్టుంది.

రూతమ్మ కాగితం పట్టుకుని వరండాలోకి వచ్చింది. కోటమ్మ చేతిలో తుడుపు గుడ్డతో గోడకానుకుని ఉంది. ఆమెతో ఏం చెప్పాలి? ఏమీ చెప్పకుండా సంతకం పెట్టేసి లోపలికి పోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని చెబితే అబద్ధం. మార్త దవడలు కళ్ళముందు మెదులుతుంటే ఇంకో ఆలోచన ఎట్లా వస్తుంది.

కానీ చెప్పింది. నిలబడి, తలొంచుకోకుండా, మొదట్నించీ. తన రెండు లైన్లూ, ఖాళీ గది మీద చేసిన పరీక్షా, సారు చెరపడం, కాగితం. గాలెయ్య లేచి పోలేదని చెప్పింది. పదకొండు రోజులు అన్నం లేక పోయాడని చెప్పింది.

కోటమ్మ కిందికి జారి కూర్చుంది. చాలాసేపు గుడ్డని మడిచింది, విప్పింది, మడిచింది.

"నువ్వేనా అయితే," అంది.

"నేనే అత్తా."

"నీ చేత్తోనే."

"నా చేత్తోనే."

"ఆయన్ని ఎక్కడ పెట్టారంట?"

"అడగలేదు."

"అడగలేదా." కోటమ్మ గొంతు అప్పుడు మారింది. "మీ అక్క సంగతి అడిగావు, మా ఆయన్ని ఎక్కడ పూడ్చారో అడగలేకపోయావు. సర్లే. నేనడుగుతాలే." ఆగి, "సంతకం పెట్టు," అంది.

"అత్తా..."

"పెట్టమంటున్నానా. పోయినోళ్ళు పోయారు, ఉన్నోళ్ళని లేపుకో. ఆ పన్నెండు మందికీ ఇళ్ళు లేవా, నాలాంటోళ్ళు లేరా. కాకపోతే ఒకటి. మీ అక్క కళ్ళు తెరిచిన రోజు నువ్వే పోయి ఈ సంతకం అబద్ధమని చెప్పాల. ఎవరో పట్టుకుంటే కాదు, నీ అంతట నువ్వే పోయి చెప్పాల. చెప్పకపోతే, ఆ లోపల కూర్చున్నోణ్ణి వదిలేస్తానేమో గాని నిన్ను మాత్రం వదలను."

రూతమ్మ గోడకి కాగితం ఆనించి సంతకం పెట్టింది. గాలెయ్య పేరు ఇరవయ్యొకటోది. ఆ వరస మీదుగా పెన్ను పోయేటప్పుడు కోటమ్మ అటు తిరగలేదు. చూస్తూనే ఉంది.

పన్నెండు మందిలో తొమ్మిది మంది బతికారు. దావీదు బతకలేదు. మార్త నాలుగో రోజు కళ్ళు తెరిచింది. ఎడం చేతి వేళ్ళు వంగడం మానేశాయి, మిగతా మనిషి మిగిలింది. ఆ మధ్యాహ్నమే రూతమ్మ బస్సెక్కి పోలీసు స్టేషనుకి పోయింది.

కేసు ఏడాదిలోపే తేలిపోయింది. పెద్దవాళ్ళ కేసులు ముసలవుతాయి గాని ఇట్లాంటివి తొందరగానే తేలతాయి. కంపెనీ వకీలు ఆ రెండు లైన్లని కోర్టులో గోడంత తెర మీద వేయించాడు. రీడ్‌డిర్, అంటే సంచిలోంచి చీటీ తియ్యమనే పిలుపు ఒకటి, దాని కింద మళ్ళీ అదే పిలుపు. "ఇవి రాసింది మీరేనా?" అనడిగాడు. "నేనే," అంది. "ఈ సంతకం?" "నాదే." ఆయన ఇంకేం అడగలేదు. చీటీలు ఎవరు ఎప్పుడు చెరిపారో రాసి ఉండే చిట్టా ఆ కొత్త డిస్కు పెట్టెలోనే ఉండాలి. ఆ పెట్టె కూడా ఎండకి చెడిపోయిందని మార్చేశారట. ఉమాపతి బోను ఎక్కి, తనకి సాంకేతిక విషయాలు తెలియవన్నాడు. ఆయన్ని వేరే కేంద్రానికి బదిలీ చేశారు, కాస్త పెద్దదానికి.

కోటమ్మని పిలిచారు. గదికి రెండేసి మంది చొప్పున రెండుసార్లు పోయారని చెప్పింది. ఒకసారి తప్పు చేసినోళ్ళు వేరు, రెండోసారి చంపినోళ్ళు వేరు అని చెప్పింది. వకీలు నవ్వుతూ, "మీకు కంప్యూటర్లంటే ఏమన్నా తెలుసా?" అన్నాడు.

"తెలియదు. రెండంటే తెలుసు," అంది.

అది సాక్ష్యం కిందికి రాలేదు. రూతమ్మకి ఆరేళ్ళు వేశారు. రాసిన చేతికి శిక్ష పడింది. చెరిపిన చేతికి పడలేదు. గాలెయ్యని ఎక్కడ పూడ్చారో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ కోతలు అయిపోయిన వారంలో మార్త జైలుకి వచ్చింది. ఇనప జల్లెడకి అవతల కూర్చుని, సరిగా పనిచేసే చేత్తో పనిచెయ్యని చేతిని పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఎండలో కోసి కోసి మనిషి నల్లబడింది. వేళ్ళ సందుల్లో మిరప మంట ఇంకా ఉన్నట్టుంది, ఊరికే చీరకి రాస్తోంది.

"తిండి పెడతన్నారా?"

"పెడతన్నారక్కా. రెండు పూటలా."

"నువ్వే నయం," అని నవ్వింది మార్త. ఆ నవ్వు చెల్లెలికి కొత్త.

"కోతలెట్టా అయినయ్?"

"ఎప్పటిలాగే. ఒక చేత్తో కోస్తన్నానని సగం మనిషి కింద వేశారు."

"మరి ఈ నూరు రోజులు?"

మార్త తల తిప్పుకుంది. "ఎల్లుండి సూదేస్తారు."

రూతమ్మ జల్లెడకి దగ్గరగా జరిగింది. "పోబాక అక్కా. నీకు దణ్ణం పెడతా, పోబాక."

"పోను. ఏం తినమంటావు? చెప్పు, అది తింటా."

మార్త జవాబు కోసం నిజంగానే చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు పేర్లన్నీ చదువుతదంట గదా మిషను? ఒక్కటి కూడా వదలకుండా?" అంది.

"వదలదు."

"నిజంగానేనా?"

"నిజంగానే అక్కా. నేనే దిద్దాను. మొదటి పేరు కాడ్నించే చదువుతది."

"మరింకేం." మార్త లేచి నిలబడింది. కొంగు సర్దుకుని రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"కోటమ్మని పనిలోంచి తీసేశారు, కోర్టులో చెప్పిందని. కూలికి ఎవరూ పిలవట్లా. ఈ ఏడు ఆమె కూడా మాతోనే పడుకుంటది. నా పక్క పెట్టె అడిగింది."